ఐసోమెట్రిక్ గోడ మీద ఇటుక హ్యాచ్ ఒరిగిపోతోంది, ఏటి చెయ్యాలి?

వంశధార_డ్రాఫ్టర్
గుణుపురంలో చిన్న డిజైన్ ఆఫీసులో ఆటోక్యాడ్ మీద డ్రాఫ్టింగు, అంటే కట్టడాల బొమ్మలు గీసే పని నాది. ఒక పంపు గది, దాన్ని ఆనుకున్న ప్రహరీ మూల, ఈ రెండూ కనబడేలా ఐసోమెట్రిక్ వ్యూ (మూల నుంచి రెండు గోడలూ 30 డిగ్రీల వాలులో కనబడే బొమ్మ) గియ్యమన్నారు. గోడలు, శ్లాబు, తలుపు అన్నీ ఎఫ్5తో ఐసోప్లేన్ (ఏ ముఖం మీద గీస్తున్నామో అది) మార్చుకుంటూ గీసీసాను. ఇటుకల దగ్గర ఆగిపోయాను. ఏఆర్-బీఆర్ఎస్‌టీడీ అనే ఇటుకల హ్యాచ్ (హద్దు లోపల గీతలు నింపేది) వేసి యాంగిల్ 30 ఇస్తే అడ్డగీతలు గోడతో పాటు బాగానే వెళ్తున్నాయి, నిలువు సందులు మాత్రం ఎడమకి ఒరిగిపోతున్నాయి. అవతలి గోడకి మైనస్ 30 ఇస్తే అక్కడివి కుడికి ఒరుగుతున్నాయి. చూడ్డానికి రెండు గోడలూ మూల దగ్గర ఒకదాని మీద ఒకటి పడిపోతున్నట్టుంది. మా సారు తొంగి చూసి "ఇటాగుడా బంకా కాహింకి?" అనీసి వెళ్ళిపోయారు. ఇటుకలు వంకరగా ఎందుకున్నాయో తెలిస్తే నేనిక్కడ ఎందుకు అడుగుతాను! సోమవారం రాయగడ తీసుకెళ్ళాలి. ఆటోక్యాడ్ ఎల్‌టీ, అంటే దాని చిన్న వెర్షను, వాడుతున్నాను, అదీ పాతది.

బరంపురం_బాబాయ్
భూకంపం వచ్చిన తర్వాత వ్యూ అని టైటిల్ పెట్టీ. పని అయిపోద్ది.

కొరాపుట్_కాఫీ
ఐసోప్లేన్ మార్చి హ్యాచ్ వేశావా? ఎఫ్5 నొక్కి కుడి ప్లేన్‌కి వచ్చి అప్పుడు వెయ్యి.

వంశధార_డ్రాఫ్టర్
వేశాను కాఫీ గారూ. ఏ ప్లేన్‌లో ఉన్నా హ్యాచ్ ఒకలాగే వస్తోంది.

లిస్ప్‌లక్ష్మి
ఐసోప్లేన్‌కీ హ్యాచ్‌కీ సంబంధం లేదు. ఐసోప్లేన్ మారితే మారేది కర్సరు, స్నాపు, ఆర్థో దారి, ఐసో సర్కిలు. హ్యాచ్ మాత్రం బల్లపరుపు కాగితం మీద పరిచినట్టే పరుచుకుంటుంది.

నీ గొడవ ఎక్కడుందంటే, మామూలు ఇటుక హ్యాచ్‌లో అడ్డగీతకీ నిలువు సందుకీ మధ్య 90 డిగ్రీలు. దాన్ని నువ్వు ఎంత తిప్పినా ఆ 90 అలాగే ఉంటుంది. అడ్డగీతని 30కి తీసుకెళ్తే నిలువుది 120కి పోతుంది. ఐసోలో కావలసింది అడ్డగీత 30, నిలువు 90. అంటే మధ్యలో 60 మాత్రమే. తిప్పుడుతో 90ని 60 చెయ్యలేం. కొత్త ప్యాటర్న్, అంటే హ్యాచ్ గీతలు ఎలా పడాలో చెప్పే ఫైలు, రాసుకోవాలి. భయపడకు, మూడే మూడు వరసల ఫైలు.

బరంపురం_బాబాయ్
లక్ష్మి వచ్చీసింది. ఇక నేను టీ తాగి వస్తాను.

పర్లాకిమిడి_పాతకాపు
ఫైళ్ళూ గీళ్ళూ ఎందుకమ్మా. నేను బ్లాకుతో, అంటే గీతలన్నీ ఒక్క వస్తువుగా కట్టి, చేసేవాణ్ని. ముందు గోడని ఎదురుగా ఎలివేషన్‌లా గీసి ఇటుకలు వేసుకో. హ్యాచ్‌ని ఎక్స్‌ప్లోడ్ చేసి ఉత్త గీతలుగా మార్చు. ఆ గీతలన్నిటినీ మైనస్ 45 డిగ్రీలు తిప్పి బ్లాక్ చెయ్యి. ఇన్సర్ట్ చేసేటప్పుడు ఎక్స్ స్కేలు 1.2247449, వై స్కేలు 0.7071068, రొటేషన్ 60 ఇవ్వు. కుడి గోడ అచ్చంగా ఐసోలో కూర్చుంటుంది. ఎడమ గోడకి ప్లస్ 45 తిప్పి బ్లాక్ చేసి, అవే స్కేళ్ళతో, రొటేషన్ మైనస్ 60. కొలతలు కూడా చెడవు, 30 డిగ్రీల దారిలో మీటరు మీటరే ఉంటుంది.

అంతకు ముందు సంగతి అడగొద్దు. బోర్డు మీద ట్రేసింగ్ పేపరు, 30-60 మూలమట్టం, ఒక్కొక్క ఇటుకా చేత్తో. తప్పు పడితే బ్లేడుతో గీకడం. అమోనియా ప్రింటు తీసేసరికి కళ్ళమ్మట నీళ్ళు. మీకు ఎఫ్5 ఉంది, మాకు మెడనొప్పి ఉండేది.

లిస్ప్‌లక్ష్మి
పాతకాపు గారూ, మీ లెక్క కరెక్టే, నేను వేసి చూశాను. కానీ గోడ పొడవు మారితే? కిటికీ ఒక అడుగు జరిపితే? మళ్ళీ ఎలివేషన్, మళ్ళీ పేల్చుడు, మళ్ళీ బ్లాక్. హ్యాచ్ అయితే హద్దు లాగితే చాలు, దానంతటదే నిండుతుంది. పైగా వేల గీతలు పేల్చిన ఫైలు ఈ కుర్రాడి కంప్యూటర్లో తెరుచుకుంటుందా అని నా అనుమానం.

పర్లాకిమిడి_పాతకాపు
అది నిజమే. నా ఫైళ్ళు తెరుచుకునే లోపు మా ఆవిడ ఉప్మా చేసేసేది.

కాశీపురం_కుర్రాడు
ఆటోక్యాడ్ అదనపు పనిముట్లు ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లో సూపర్‌హ్యాచ్ ఉందిగా. ఒక ఇటుక ముక్కని ఐసోలో గీసి బ్లాక్ చేసి దాంతో నింపెయ్యొచ్చు. ఫైలు రాసే పనే లేదు.

కొరాపుట్_కాఫీ
ఎల్‌టీలో ఎక్స్‌ప్రెస్ టూల్స్ ఎక్కడివి బాబూ.

లిస్ప్‌లక్ష్మి
అదీ సంగతి. అది వేసేది కూడా బ్లాకు మీద బ్లాకు పేర్చడమే, నిజం హ్యాచ్ కాదు. సొంత ప్యాటర్న్ ఫైలుకి ఎల్‌టీ అడ్డు చెప్పదు. చెప్తాను చూడండి.

నోట్‌ప్యాడ్ తెరు. మొదటి వరసలో నక్షత్రం గుర్తు (*), వెంటనే ప్యాటర్న్ పేరు, కామా, తర్వాత నీకిష్టమైన వివరణ. పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీ లేకుండా. ఫైలు పేరూ ఈ పేరూ ఒకటే కావాలి, ఫైలు పేరు చివర డాట్ ప్యాట్ (.pat) ఉండాలి. నేను కుడి గోడదాన్ని ఇటుకకుడి, ఎడమదాన్ని ఇటుకఎడమ అనుకుంటాను.

మాడ్యులర్ ఇటుక 190, 90, 90 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల సున్నం సందుతో కలిపి 200 పొడవు, 100 ఎత్తు. కుడి గోడకి:

30, 0,0, 0,86.6025404
90, 0,0, 150,-86.6025404, 100,-100

అంతే. ఒక్కో వరసలో మొదటి అంకె కోణం. తర్వాత రెండూ గీత మొదలయ్యే చోటు. తర్వాతి రెండూ పక్క గీత ఎంత జరగాలో చెప్తాయి: మొదటిది గీత దారిలో ఎంత, రెండోది గీతకి అడ్డంగా ఎంత. చివర్లో ఉన్నవి గీత పొడవు, ఖాళీ. ఖాళీకి మైనస్. అవి లేకపోతే గీత తెగకుండా పోతుంది.

మొదటి అంకెల వరస పడుకున్న సందులు. ఇటుక వరస ఎత్తు 100 గానీ, ఆ ఎత్తు నిలువుగా కొలిచింది. గీతకి అడ్డంగా కొలిస్తే 100ని 0.8660254తో గుణించాలి. అదే 86.6.

రెండోదే అసలు కిటుకు. పై వరసలో సందు సగం ఇటుక ముందుకి, ఒక వరస పైకి రావాలి. సగం ఇటుక అంటే 100, అది 30 డిగ్రీల దారిలో వెళ్తే అడ్డంగా 86.6, పైకి 50 వస్తుంది. ఆ 50కి వరస ఎత్తు 100 కలిపితే 150. మైనస్ ఎందుకంటే, పైకి చూస్తున్న గీతకి ఎడమ పక్క ప్లస్, కుడి పక్క మైనస్. మనం కుడికి వెళ్తున్నాం. ఇక 100 గీత, 100 ఖాళీ, ఎందుకంటే నిలువు సందు ఒక వరసలో ఉంటే పై వరసలో అదే చోట ఉండదు.

ముఖ్యం: చివరి వరస తర్వాత ఎంటర్ కొట్టి మరీ సేవ్ చెయ్యి. కొట్టకపోతే చివరి వరస చదవదు. అడ్డగీతలే వస్తాయి, నిలువులు రావు. ఈ దెబ్బ నేను తిన్నాను, రెండు రోజులు.

వంశధార_డ్రాఫ్టర్
అక్కా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే వేస్తాను.

కాశీపురం_కుర్రాడు
ఎడమ గోడకి వేరే ఫైలు దేనికి? దీన్నే యాంగిల్ 120 ఇచ్చి వేస్తే అడ్డగీత 150కి వెళ్తుంది కదా. ఎడమ గోడకి కావలసింది అదే.

లిస్ప్‌లక్ష్మి
అడ్డగీత 150కి వెళ్తుంది, నిజమే. మరి 90లో ఉన్న నిలువుది? 210కి పోతుంది. 210 అంటే 30తో సమానం. నీ చేతికి వచ్చేది ఎడమ గోడ కాదు, నేల మీద పరిచిన ఇటుకలు.

కుడి గోడలో నిలువు సందు అడ్డగీతకి 60 డిగ్రీలు ఇటు, ఎడమ గోడలో 60 డిగ్రీలు అటు. అద్దంలో బొమ్మ లాంటిది. కుడి చెప్పుని ఎంత తిప్పినా ఎడమ కాలికి పట్టదు కదా.

కాశీపురం_కుర్రాడు
వేసి చూశాను. నిజమే, గోడ కాస్తా వరండా అయిపోయింది. 🙏

లిస్ప్‌లక్ష్మి
ఎడమది ఇదిగో. మార్పు రెండే, 30 బదులు 150, మైనస్ బదులు ప్లస్.

150, 0,0, 0,86.6025404
90, 0,0, 150,86.6025404, 100,-100

కాశీపురం పొరపాటు వల్ల ఒక లాభం కూడా ఉంది. ఈ ఎడమ ప్యాటర్న్‌ని యాంగిల్ 60తో వేస్తే పై ముఖం వస్తుంది, 30 దారిలో పరిచిన ఇటుక నేల. మూడో ఫైలు అక్కర్లేదు.

వంశధార_డ్రాఫ్టర్
రాలేదు అక్కా. లిస్టులో పేరే కనబడటం లేదు.

కొరాపుట్_కాఫీ
ఫైలు ఎక్కడ పెట్టావు? ఆప్షన్స్‌లో సపోర్ట్ ఫైల్ సెర్చ్ పాత్ అని ఉంటుంది. అందులో ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టాలి, లేదా నీ ఫోల్డర్‌ని దాంట్లో చేర్చాలి. డెస్క్‌టాప్ మీద పడేస్తే దానికెలా తెలుస్తుంది?

బరంపురం_బాబాయ్
పేరు చివర చూసుకో. నోట్‌ప్యాడ్ తనకి తాను డాట్ టీఎక్స్‌టీ తగిలించేస్తుంది. పైకి డాట్ ప్యాట్ అని కనబడుతుంది, వెనకాల తోక దాగుంటుంది. సేవ్ చేసేటప్పుడు ఆల్ ఫైల్స్ అని ఎంచుకో.

వంశధార_డ్రాఫ్టర్
బాబాయ్, తోకే. తీసీసాను, ఫోల్డరూ మార్చాను. వచ్చీసింది! గానీ మళ్ళీ ఒరిగింది, ఈసారి ఇంకా ఎక్కువ.

లిస్ప్‌లక్ష్మి
యాంగిల్ గడిలో ఇందాకటి 30 అలాగే ఉందేమో చూడు. ఈ ప్యాటర్న్‌లోనే కోణం ఉంది. యాంగిల్ సున్నా, స్కేలు 1.

వంశధార_డ్రాఫ్టర్
😬 అదే. ఇప్పుడు నిటారుగా నిలబడ్డాయి, బొమ్మ పెట్టాను. అక్కా, మీకు వంశధార గట్టు మీద ఒక పనసకాయ బాకీ.

ఇంకొకటి అడగనా? కింద బాగానే ఉంది గాని పైకి వెళ్ళేసరికి నిలువు సందులు కింది అడ్డగీతని పొడుచుకుని కిందకి దిగుతున్నాయి, పై గీతని అందుకోవడం లేదు. శ్లాబు దగ్గర బాగా తేడా.

లిస్ప్‌లక్ష్మి
నువ్వు రాసిన అంకెలు యథాతథంగా ఇక్కడ పెట్టు.

వంశధార_డ్రాఫ్టర్
30, 0,0, 0,87
90, 0,0, 150,-87, 100,-100
అన్ని చుక్క అంకెలు ఎందుకని 87 చేశాను.

లిస్ప్‌లక్ష్మి
చూశావా. 87 పెడితే వరస ఎత్తు 100 కాదు, 100.46 అవుతుంది. ఒక వరసలో అరమిల్లీమీటరు కూడా లేదు గాని నీ గోడ 3 మీటర్లు, అంటే 30 వరసలు. పైకి చేరేసరికి అడ్డగీత 3013.8 దగ్గర ఉంటుంది, నిలువు సందు 3000 దగ్గర ఆగిపోతుంది. దాదాపు 14 మిల్లీమీటర్లు. ఏడు దశాంశాలు ఊరికే పెట్టలేదు తమ్ముడూ.

పర్లాకిమిడి_పాతకాపు
మేస్త్రీలు వరసవరసకీ రసమట్టం పెట్టేది ఇందుకే.

సైటుఇంజినీరు_9అంగుళాలు
ఆలస్యంగా చూశాను. అందరూ 190 ఇటుక అంటున్నారు. పుస్తకంలో ఉంది సరే, మన జిల్లాల్లో ఏ బట్టీలో దొరుకుతోంది? రాయగడ నుంచి పర్లాకిమిడి దాకా నాకు కనబడింది తొమ్మిదంగుళాల ఇటుకే. భారత ప్రమాణం 1077లో కూడా 230, 110, 70 ఉంది. సందుతో కలిపి 240 పొడవు, 80 ఎత్తు. ఆ లెక్కన గియ్యాలి. లేకపోతే వరసలు లెక్కపెట్టి ఇటుకలు తెప్పించేవాడు మునుగుతాడు.

బరంపురం_బాబాయ్
ఐసోమెట్రిక్ చూసి ఇటుకలు లెక్కపెట్టే కాంట్రాక్టరు ఉంటే నాకు చూపించండి, దండ వేస్తాను.

లిస్ప్‌లక్ష్మి
ఇంజినీరు గారి మాట న్యాయమే. ఏ ఇటుకకైనా పనికొచ్చేలా చెప్తాను. సందుతో కలిపిన పొడవు, ఎత్తు తీసుకోండి. అడ్డగీతల దూరం: ఎత్తుని 0.8660254తో గుణించండి. నిలువు సందు జరుగుడు: గీత దారిలో, పొడవులో పావు ప్లస్ ఎత్తు. అడ్డంగా, పొడవులో సగాన్ని 0.8660254తో గుణించాలి. గీత, ఖాళీ రెండూ ఎత్తే. ఇందాక రెండు చోట్లా 86.6 రావడం కాకతాళీయం, 200కి సగం 100 కాబట్టి. తొమ్మిదంగుళాలకి కుడి గోడ ఇలా వస్తుంది:

30, 0,0, 0,69.2820323
90, 0,0, 140,-103.9230485, 80,-80

డ్రాయింగు అంగుళాల్లో ఉంటే హ్యాచ్ స్కేలు 0.03937, మీటర్లలో ఉంటే 0.001. మీటర్ల డ్రాయింగులో స్కేలు 1తో వేస్తే ఒక్క ఇటుక మీ వీధంత ఉంటుంది, గోడ మీద గీతే కనబడదు. ఎక్కువమంది ప్యాటర్న్ పనిచెయ్యట్లేదు అనుకునేది అక్కడే.

తాపీమేస్త్రీకొడుకు
రాయగడలో ఉంటాం. నాకు కంప్యూటర్ లెక్కలు రావు గాని మా నాన్న నలభై ఏళ్ళుగా తాపీ పని చేస్తున్నాడు. ఈ దారం (థ్రెడ్) చదువుతూ వంశధార తమ్ముడు పెట్టిన బొమ్మ ఆయనకి ఫోన్‌లో చూపించాను. కళ్ళజోడు సర్దుకుని, మూల మీద వేలు పెట్టి పెద్దది చేసి చూశాడు. "ఈ మూల ఇటుక ఎక్కడ కొన్నారురా?" అన్నాడు.

నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. అట్టడుగు వరస చూడు, మూల నుంచి కుడికి నిండు ఇటుక ఉంది. అదే వరసలో మూల నుంచి ఎడమకీ నిండు ఇటుకే ఉంది. మూలలో ఉండేది ఒక్క ఇటుక. ఒక పక్క దాని పొడవు కనబడితే రెండో పక్క దాని తల, అంటే సగమే కనబడాలి. రెండు పక్కలా పొడవే కనబడితే ఆ ఇటుక పలక అన్నమాట, తొమ్మిదికి తొమ్మిది. "అలాంటి అచ్చు ఏ బట్టీలో ఉందో కనుక్కో, మనమూ తెద్దాం" అన్నాడు. నవ్వలేదు కూడా, నిజంగానే అడిగాడేమో అనిపించింది.

కొరాపుట్_కాఫీ
😂😂 మొత్తం దారంలో ఇదొక్కటీ చాలు.

పర్లాకిమిడి_పాతకాపు
దండాలు మీ నాన్నగారికి. ముప్ఫై ఏళ్ళు గీశాను, ఎన్ని మూలలు ఇలా వదిలేశానో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది.

లిస్ప్‌లక్ష్మి
ఒప్పుకుంటున్నాను, నా ప్యాటర్నే తప్పు. రెండు గోడలకీ హ్యాచ్ ఆరిజిన్, అంటే గీతలు మొదలయ్యే బిందువు, మూల అడుగున పెడితే రెండూ మొదటి వరసలో నిండు ఇటుకతోనే మొదలవుతాయి. ఎడమ గోడని ఒక వరస జరపాలి. ఫైల్లో రెండో అంకెల వరసలో గీత మొదలయ్యే చోటు మారిస్తే చాలు:

150, 0,0, 0,86.6025404
90, 0,100, 150,86.6025404, 100,-100

ఇప్పుడు అట్టడుగు వరసలో కుడి పక్క నిండు, ఎడమ పక్క సగం. పై వరసలో అటుది ఇటు. తొమ్మిదంగుళాల ఇటుకైతే ఆ 100 స్థానంలో 80 వస్తుంది:

150, 0,0, 0,69.2820323
90, 0,80, 140,103.9230485, 80,-80

వేసేటప్పుడు సెట్ ఆరిజిన్ నొక్కి రెండు గోడలకీ అదే మూల బిందువుని చూపించాలి. అది మర్చిపోతే వరసలే కలవవు, ఇంక సగమేది నిండేది.

తాపీమేస్త్రీకొడుకు
ఇది చూపించాను. "ఇప్పుడు కట్టొచ్చు" అన్నాడు.

సైటుఇంజినీరు_9అంగుళాలు
మూల బాగుపడింది గాని ఇంకో మాట. ఇది స్ట్రెచర్ బాండు, అన్ని వరసలూ పొడవు ఇటుకలే. నాలుగున్నర అంగుళాల గోడకి సరే. వంశధార చెప్పిన పంపు గది తొమ్మిదంగుళాల గోడ అయ్యుంటుంది. దానికి మన మేస్త్రీలు వేసేది ఇంగ్లిష్ బాండు, ఒక వరస పొడవు ఇటుకలు, పై వరస తల ఇటుకలు. బయటికి స్ట్రెచర్ గీసి లోపల తొమ్మిదంగుళాలు అంటే ఎలా?

బరంపురం_బాబాయ్
ప్లాస్టరింగు అయ్యాక అంతా ఒకటే సార్.

సైటుఇంజినీరు_9అంగుళాలు
ప్లాస్టరింగు కింద పగుళ్ళు వచ్చినప్పుడు ఒకటి కాదు బాబాయ్. నిలువు సందులు వరసగా ఒకదాని మీద ఒకటి పడితే పగులు తిన్నగా పైకి పాకుతుంది. ఒక ప్రహరీ విషయంలో నాకా అనుభవం ఉంది, చెప్పుకోలేను.

లిస్ప్‌లక్ష్మి
ఇంగ్లిష్ బాండు కుడి గోడకి. ఈసారి నిలువులు రెండు జట్లు, పొడవు వరసకి ఒకటి, తల వరసకి ఒకటి:

30, 0,0, 0,69.2820323
90, 0,0, 120,-207.8460969, 80,-80
90, 51.9615242,110, 60,-103.9230485, 80,-80

తల వరస సందు పొడవు వరస సందు నుంచి పావు ఇటుక, అంటే 60, తప్పుకోవాలి. 30 డిగ్రీల దారిలో 60 అంటే అడ్డంగా 51.96, పైకి 30. దానికి వరస ఎత్తు 80 కలిపితే 110. మూడో అంకెల వరస మొదట్లో ఉన్నవి అవే. మూల దగ్గర క్వీన్ క్లోజరు, అంటే నిలువునా చీల్చిన సగం ఇటుక, హ్యాచ్‌లో రాదు. దాన్ని చేత్తో గీసుకోవలసిందే.

కాశీపురం_కుర్రాడు
అక్కా, మీరేం తింటారు?

లిస్ప్‌లక్ష్మి
జయపురంలో ఉంటాను. మాండియా, అంటే రాగి, అంబలి తాగుతాను. 😀

కొరాపుట్_కాఫీ
ఒక అనుమానం. నిజం ఐసోమెట్రిక్‌లో కొలతలు 0.816 రెట్లు తగ్గాలి కదా? మీరు నిండు కొలతలు పెట్టారు.

పర్లాకిమిడి_పాతకాపు
అది ప్రొజెక్షన్, ఇది డ్రాయింగు. పాలిటెక్నిక్‌లో ఐసోమెట్రిక్ స్కేలు అని విడిగా గీయించేవారు, గుర్తుందా? ఆఫీసుల్లో ఎవరూ తగ్గించరు, దారి వెంబడి నిండు కొలతే వేస్తారు. గోడ ఎలా గీస్తే ఇటుకా అలాగే. త్రీడీ మోడల్‌ని ఐసో వ్యూలో తిప్పి చూపిస్తే మాత్రం ఆ తగ్గుదల ఉంటుంది. ఆ రెండిటినీ ఒకే షీటులో కలపకండి.

వంశధార_డ్రాఫ్టర్
సారుకి చూపించాను. తల ఊపారు, అంటే మా ఆఫీసులో పెద్ద మెప్పే. తర్వాత 1:100లో ప్రింటు తీశాను. గోడ మొత్తం నల్లగా వచ్చింది. బూజు పట్టినట్టుంది.

పర్లాకిమిడి_పాతకాపు
80 మిల్లీమీటర్ల వరస 1:100లో కాగితం మీద 0.8 అవుతుంది. ఐసోలో వాలుగా ఉంది కాబట్టి గీతకీ గీతకీ మధ్య ఇంకా తక్కువ, 0.7. నల్లబడక ఏమవుతుంది? గోడంతా ఇటుకలు నింపకు. మూల దగ్గర కొంచెం, కిటికీ పక్కన కొంచెం, పిట్టగోడ కింద కొంచెం. అంచులు ముక్కలు ముక్కలుగా వదిలెయ్. మిగతా గోడ తెల్లగా ఉన్నా చూసేవాడికి ఇటుకగోడ అని అర్థమవుతుంది. బోర్డు రోజుల్లో మేం బద్ధకంతో చేసేవాళ్ళం, తీరా చూస్తే అదే అందంగా ఉండేది.

సైటుఇంజినీరు_9అంగుళాలు
హ్యాచ్‌ని వేరే లేయరులో పెట్టి సన్నటి గీత ఇవ్వు. గోడ అంచులు మందంగా ఉంచు. లేదా ఆ మూల ఒక్కటీ 1:20లో విడిగా చూపించు.

వంశధార_డ్రాఫ్టర్
అతుకులుగా వేశాను. హద్దు గీత గీసుకుని హ్యాచ్ నింపి, తర్వాత హద్దు తీసీసాను. సన్నగా వచ్చింది, బాగుంది. రేపు పొద్దున్న రాయగడ బస్సు.

తాపీమేస్త్రీకొడుకు
రాయగడ వస్తే మా ఇంటికి రా. నాన్న నీ మూల ఇటుక ప్రింటు ఒకటి కావాలంటున్నాడు. మొదటిది, తప్పుది. పనివాళ్ళకి చూపిస్తాడట.

బరంపురం_బాబాయ్
ఫ్రేమ్ కట్టించి ఇవ్వు.

కాశీపురం_కుర్రాడు
హెరింగ్‌బోన్ పేవింగ్ ఐసోలో చెయ్యాలంటే?

లిస్ప్‌లక్ష్మి
వేరే దారం తెరు. ఈ దారంలో కుదరదు, నాకు పొయ్యి మీద పప్పు ఉంది.

ఇచ్ఛాపురం_ఇవతల
ఇప్పుడే చేరాను. కుడి గోడ ఫైలు రాశాను, ఫోల్డరూ సరే, స్కేలు 1, యాంగిల్ 0. అడ్డగీతలే వస్తున్నాయి, నిలువు సందు ఒక్కటీ లేదు. అంకెలు పదిసార్లు సరిచూసుకున్నాను.

కొరాపుట్_కాఫీ
చివర ఎంటర్ కొట్టావా?

ఇచ్ఛాపురం_ఇవతల
ఎక్కడ?

కొరాపుట్_కాఫీ
ఫైలు చివర. పైన లక్ష్మి గారి పెద్ద పోస్టులో ఆఖరి పేరా చదువు.

ఇచ్ఛాపురం_ఇవతల
వచ్చీసాయి.